గూడబాతు ఒకటే, ఇళ్ళు నాలుగు: చలికాలంలో పక్షులు చూడ్డానికి ఎక్కడికి వెళ్ళాలి?

డిసెంబర్ మొదలవగానే నాకు ఫోన్లు వస్తాయి. "పిల్లలకి సెలవులిచ్చారు, నువ్వు పక్షుల కోసం తిరుగుతుంటావు కదా, ఎక్కడికెళ్తే బాగుంటుందో చెప్పు" అని. వెంటనే పేరు చెప్పను. ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ నెలలో వెళ్తున్నారు? ఎవరెవరు వస్తున్నారు? ఈ ఏడు అటువైపు వానలు ఎలా పడ్డాయి? మూడోది అడిగేసరికి అవతలివాళ్ళకి విసుగొస్తుంది. "పక్షులు చూడ్డానికి వానలతో పనేంట్రా" అంటారు.

పనంతా దానితోనే. గుడికి వెళ్తే దేవుడు ఎప్పుడైనా ఉంటాడు. చెరువులో నీళ్ళు నిండకపోతే పక్షి గూడు కట్టదు. నీళ్ళు మరీ ఎక్కువైతే ఫ్లెమింగోకి కాలు ఆనదు, ఇంకోచోటికి పోతుంది. నిరుడు ఫలానావాళ్ళు వెళ్తే వేలల్లో ఉన్నాయట అని ఈ ఏడు బయల్దేరి, ఎండిన చెరువు చూసి తిరిగొచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. అందులో మాదీ ఒకటి.

మన రాష్ట్రంలో ఉన్న నాలుగైదు చోట్లలో ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. పోల్చడానికి ఒక పక్షిని పట్టుకుందాం. గూడబాతు. ఇంగ్లీషులో పెలికాన్ అంటారు, మనకి కనిపించేది ముక్కు మీద చుక్కలుండే రకం. వెనకటికి పొలాలకి నీళ్ళు తోడే గూడ ఎలా ఉండేదో, దీని ముక్కు కింద సంచీ అలా ఉంటుంది. పేరు అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. ఈ పక్షి మన దగ్గర నాలుగు చోట్ల నాలుగు రకాల ఇళ్ళలో కాపురం పెడుతుంది. నేలపట్టులో చెరువు మధ్య చెట్ల మీద, ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద, ఉప్పలపాడులో ఊరి చెరువులో, తేలినీలాపురంలో జనాల ఇళ్ళ మధ్య చింతచెట్ల మీద. ఏ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళాలన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

అన్నట్టు, వీటిని సైబీరియా పక్షులు అనడం మానేద్దాం. ఊళ్ళో జనం అంటారు, పేపర్లు రాస్తాయి, కొన్నిచోట్ల బోర్డుల మీద కూడా చూశాను. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ రెండూ మన దేశం పక్షులే. నీళ్ళని బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మారుతుంటాయి. పైనుంచి, అంటే హిమాలయాలు దాటి నిజంగా వచ్చేవి బాతులు, ఉల్లంకిలాంటి చిన్న బురదపిట్టలు. సూదితోక బాతు, తల మీద రెండు నల్లచారలుండే పట్టెతల బాతు ఆ రకం. ఇవి జనానికి అంతగా ఆనవు. పెద్ద ముక్కున్నదాన్నే అందరూ సైబీరియా చుట్టం అనుకుంటారు.

నేలపట్టు

మొదటిసారి వెళ్తున్నవాళ్ళకి, అదీ డిసెంబర్, జనవరి నెలలైతే, నా ఓటు నేలపట్టుకే. సూళ్ళూరుపేటకి ఉత్తరాన సుమారు ఇరవై కిలోమీటర్లు, దొరవారిసత్రం మండలం. చెన్నై వెళ్ళే హైవే మీద నుంచి పక్కకి తిరిగితే కాసేపట్లో గేటు. మునుపు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం నాలుగున్నర చదరపు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. అడవి అనే మాట విని పెద్దగా ఊహించుకుని వెళ్తే, "ఇంతేనా" అనిపిస్తుంది. అంత చిన్నగా ఉండటమే మీకు లాభం. ముసలివాళ్ళు కూడా తాపీగా నడిచి చెరువుగట్టు దాకా వెళ్ళగలరు.

చెరువు నీళ్ళలో కడప చెట్లుంటాయి. నెలల తరబడి మొదలు నీళ్ళలో నానినా వాటికేం కాదు. ఈశాన్య రుతుపవనాలకి చెరువు నిండగానే గూడబాతులు వాటి మీద పుల్లలు పేర్చడం మొదలుపెడతాయి. చెట్టు చుట్టూ నీళ్ళుంటే నేల మీద తిరిగే జంతువేదీ గుడ్ల దగ్గరికి రాలేదు. వాటి లెక్క అదే. అందుకే అక్టోబర్, నవంబర్‌లలో నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో వాన సరిగ్గా పడని ఏడు నేలపట్టు మాట ఎత్తకండి.

డిసెంబర్ ఆఖర్లో, జనవరిలో వెళ్తే పిల్లలుంటాయి. అప్పుడు చూడాల్సింది మేత పెట్టడం. తల్లి చేపలు మింగి వస్తుంది, వాటిలో చాలామటుకు ఇరవై కిలోమీటర్ల అవతల పులికాట్‌లో పట్టినవే. గూటి అంచున దిగి నోరు తెరుస్తుంది. పిల్ల తల మొత్తం ఆ సంచీలోకి, ఇంకా లోపలికి గొంతులోకి దూర్చేస్తుంది. కాసేపు మెడ కూడా కనిపించదు. మొదటిసారి చూసినప్పుడు మా చెల్లెలి కూతురు "అమ్మ పిల్లని మింగేస్తోంది మావయ్యా" అని ఏడుపు మొహం పెట్టింది. నాలుగు కుదుపుల తర్వాత పిల్ల తల బయటికొచ్చింది, కడుపు ఉబ్బి, మత్తుగా. బైనాక్యులర్స్ ఉంటే ఇదంతా ఎదురింటి వరండాలో జరుగుతున్నట్టు కనిపిస్తుంది. లేకపోతే చెట్టు మీద తెల్లటి మూటలు. అందుకే ముందే చెప్తున్నాను, నేలపట్టుకి బైనాక్యులర్స్ లేకుండా వెళ్ళడం సగం దండగ.

ఇక్కడి రైతులకి పక్షులంటే విసుగు లేదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి పారితే ఎరువుతో పని తక్కువని వాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. వాసన మాత్రం ఉంటుంది. గాలి మీవైపు తిరిగితే బాగా ఉంటుంది. టిఫిన్ డబ్బా అక్కడ విప్పకండి.

ఆటపాక

కొల్లేరు అంటే అందరూ ఒక మహా సరస్సుని ఊహించుకుంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు నేల. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు మోసుకొస్తే, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైంది. 2002లో ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల పట్టికకి, అంటే రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. కాగితం మీద ఇంత ఉన్నా, ఏలూరు నుంచి కైకలూరు కారులో వెళ్తుంటే దారి పొడవునా మీకు కనిపించేవి ఎక్కువగా చేపల చెరువుల గట్లు, గుర్రపుడెక్క. 2006లో ప్రభుత్వం ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాని లోపలి చేపల చెరువుల గట్లని పొక్లెయిన్లు పెట్టి కొట్టించింది. ఆపరేషన్ కొల్లేరు అంటే ఇదే. ఈ మాట కైకలూరు టీకొట్టు దగ్గర ఎత్తితే గంటసేపు మీకు పక్షులు గుర్తుకురావు. చెరువు పోయినవాడి బాధ ఒకటి, సరస్సు పోతోందన్నవాడి బాధ ఒకటి. నేను రెండువైపులా విన్నాను.

మామూలు సందర్శకుడికి కొల్లేరు అంటే ఆచరణలో ఆటపాకే. కైకలూరుకి ఆనుకునే ఉంటుంది. రైలు దిగి ఆటో ఎక్కితే సరి. గుడివాడ, భీమవరం లైన్లో కైకలూరు స్టేషన్ ఉంది, కాబట్టి కారు లేనివాళ్ళకి ఈ నాలుగింటిలో ఇదే సుఖం. గూడు కట్టుకోడానికి చెట్లు లేకపోతే అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వాటిమీదే సంసారం చేస్తున్నాయి. ఒకే స్టాండు మీద అంతస్తులు అంతస్తులుగా. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ చూసినట్టే ఉంటుంది, పార్కింగ్ గొడవ ఒక్కటే లేదు.

నేలపట్టులో లేనిది, ఆటపాకలో ఉన్నది బోటు. స్టాండ్ల దగ్గరగా తిప్పుతారు, కాబట్టి బైనాక్యులర్స్ లేకపోయినా పర్వాలేదు. ఫోన్‌లో ఫొటో కూడా పనికొచ్చేలా వస్తుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు, "దగ్గర్నుంచి చూస్తేనే చూసినట్టు" అనేవాళ్ళు ఇక్కడికే రండి. ఎర్రకాళ్ళ కొంగని ఇంత దగ్గర్నుంచి చూస్తేనే దాని అసలు అందం తెలుస్తుంది. కాళ్ళ సంగతి అటుంచండి, తోక దగ్గర గులాబీ రంగు ఈకలుంటాయి. తెల్ల పంచెకి గులాబీ అంచు వేసినట్టుంటుంది. నోటితో అరవదు, జత పక్షి గూటికి రాగానే ముక్కు టకటకా కొడుతుంది. వందల జంటలుంటే నూలుమిల్లు పక్కన నించున్నట్టే.

లోపం ఏంటంటే, అడవిలో ఉన్న భావన రాదు. ఆదివారం మధ్యాహ్నం అయితే పిక్నిక్ గోల. సహజంగా చెట్టు మీద గూడు చూడాలనుకునేవాళ్ళకి ఇనుము మీద చూడటం ఎలాగో ఉంటుంది, నాకూ మొదట్లో ఉండేది. తర్వాత సర్దుకున్నాను. పక్షికి లేని పట్టింపు నాకెందుకు?

ఒక జాగ్రత్త. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కొల్లేరుకి వరదొస్తే ఏలూరు, కైకలూరు రోడ్డు ఎడ్లగాడి దగ్గర మునుగుతుంది. ఆ నెలల్లో గుడివాడ మీదుగా వెళ్ళడం మంచిది. వీలుంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి కూడా వెళ్ళి రండి, దారిలో లంక గ్రామాల తీరు చూసినట్టవుతుంది. భోజనానికి కొర్రమీను దొరికితే వదలకండి.

ఉప్పలపాడు

గుంటూరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు. ఇది అభయారణ్యం కాదు, ఊరి చెరువు. ఊరివాళ్ళు ఊరుకున్నారు కాబట్టి, ఇంకా చెప్పాలంటే వాళ్ళు కాపాడుకున్నారు కాబట్టి పక్షులు నిలిచాయి. చెరువు మధ్య తుమ్మచెట్లు, పక్షుల కోసం పెట్టిన స్టాండ్లు, గట్టు మీద ఒక వాచ్‌టవర్. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, వంపు ముక్కుండే తెల్ల కంకణం పిట్టలు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు, నీటికాకులు, అన్నీ గంటలో చూసేయొచ్చు. రకాలు ఎక్కువ, చోటు తక్కువ.

దీన్ని నేను "ప్రయాణం" కింద లెక్కవేయను. విజయవాడ, గుంటూరు, తెనాలివాళ్ళకి ఇది సాయంత్రం షికారు. నాలుగున్నరకి వెళ్ళండి. మేతకి పోయినవన్నీ గుంపులు గుంపులుగా తిరిగొచ్చి, చోటు కోసం తోసుకుంటూ వాలే దృశ్యం చీకటి పడేదాకా సాగుతుంది. కొన్ని చలికాలాల్లో గులాబీ గోరింకల గుంపులు కూడా పడతాయి. అవి నిజంగానే మధ్య ఆసియా వైపు నుంచి వచ్చేవి. ఇందాకటి సైబీరియా మాట కాస్తో కూస్తో వాటికి నప్పుతుంది.

పిల్లలకి పక్షుల మీద ఆసక్తి ఉందో లేదో తెలియకుండానే నాలుగొందల కిలోమీటర్లు తీసుకెళ్ళే తల్లిదండ్రులకి నా సలహా, ముందు ఉప్పలపాడులో పరీక్షించండి. అరగంటకే "ఇంటికెళ్దాం" అన్నారా, పెట్రోలు మిగిలింది.

తేలినీలాపురం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో ఉంది. మిగతా మూడింటికీ దీనికీ ఒక తేడా. ఇక్కడ పక్షులు ఊరి బయట లేవు. వీధిలో ఉన్నాయి. ఇంటి పెరట్లో చింతచెట్టు, చెట్టు మీద గూడబాతు, చెట్టు కింద మంచం మీద ముసలాయన. దగ్గర్లో నౌపడ ఉప్పునేలలు, చిత్తడి ఉన్నాయి, మేతకి అక్కడికి పోతాయి. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా ఉంటాయి.

నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ చీపురుతో వాకిలి ఊడుస్తోంది. వాకిలి నిండా తెల్లటి రెట్టలు, ఈకలు, సగం తిన్న చేపముక్క. రోజూ ఇంత పనా అమ్మా అని అడిగితే, "ఆడపిల్ల పురిటికొస్తే ఇల్లు ఇలాగే ఉంటాది బాబూ, అంతమాత్రాన రావొద్దంటామేటి?" అంది. ఆ ఏడు పక్షులు ఆలస్యంగా వస్తే ఊరందరికీ బెంగ పట్టుకుందట, రాని ఏడు పంట ఉండదని నమ్మకం. నేను నాలుగు చోట్లా తిరిగి పోల్చుకున్నప్పుడు ఫొటోల లెక్కలో తేలినీలాపురం వెనకబడుతుంది. పక్షుల రకాలు కూడా తక్కువే. కానీ మనుషులూ పక్షులూ ఒకే వీధిలో ఎలా బతుకుతారో చూడాలంటే దీనికి సాటి లేదు.

విశాఖ, శ్రీకాకుళంవాళ్ళకి దగ్గర. విజయవాడ నుంచి కేవలం దీనికోసమే వెళ్ళమని చెప్పను. అరసవిల్లి, శ్రీకూర్మం చూసుకుంటూ కలుపుకోండి. చెట్ల కింద నడిచేటప్పుడు టోపీ తప్పనిసరి, కొత్త చీరలు బ్యాగులోనే ఉంచండి. గూటిలోంచి జారిపడిన పిల్ల కనిపిస్తే మీరు చెయ్యి పెట్టకుండా అక్కడి కాపలావాళ్ళకి చెప్పండి. జూన్‌లోనే పక్షులు చూడాలని పట్టుబడితే ఇదే జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. తొలకరికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి వాలతాయి.

విశాఖలోనే ఉండి, అంత దూరం వద్దు, పూటలో తిరిగి రావాలంటే అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ అనే సరస్సు ఉంది. తాటిదుంగలు తొలిచి కట్టిన దోనెలో తామరాకుల మధ్య తిప్పుతారు. పొడుగు వేళ్ళున్న పిట్టలు ఒక ఆకు మీద నుంచి ఇంకో ఆకు మీదకి అడుగేస్తూ నడుస్తుంటాయి, ఆకు మునగదు. దోనెలో కూర్చున్న మీరు మాత్రం కదలకుండా కూర్చోవాలి.

గూడబాతు కాకుండా

ఇప్పుడు పులికాట్. అక్కడివాళ్ళు ప్రళయకావేరి అంటారు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. చాలాచోట్ల మనిషి నిలబడితే నడుము లోతు కూడా ఉండదు. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి. సూళ్ళూరుపేట నుంచి ఆ దీవిలోని షార్‌కి, అంటే రాకెట్లు ప్రయోగించే కేంద్రానికి వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. అంటే కారు దిగకుండానే రెండువైపులా ఫ్లెమింగోలు.

నా మొదటి పులికాట్ ప్రయాణం ఇలా చెడింది. నవంబర్ ఆఖరు, వానలు బాగా పడ్డ ఏడు, మధ్యాహ్నం పన్నెండు. సరస్సు నిండుగా ఉంది. ఎక్కడో దూరంగా ఎండమావిలో తెల్లటి గీత వణుకుతోంది. "అవేనండీ" అన్నాడు డ్రైవర్. నేను నమ్మాలి కాబట్టి నమ్మాను. మళ్ళీ ఫిబ్రవరి మొదటివారంలో పొద్దున్నే ఏడింటికి వెళ్ళాను. నీళ్ళు తగ్గి, రోడ్డుకి దగ్గర్లో మోకాలిలోతు మిగిలింది. అక్కడ వందల ఫ్లెమింగోలు, తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ, ముక్కుతో జల్లెడ పడుతున్నాయి. నిలబడినప్పుడు దాదాపు తెల్లగానే ఉంటాయి, గులాబీ అంటారు కదా అని నిరాశపడకండి. ఒక్కసారి రెక్క విప్పితే లోపల ఎరుపు, అంచున నలుపు. గుంపు మొత్తం లేస్తే నీటి మీద ఎవరో కుంకుమ చల్లినట్టే. మధ్యలో మట్టిరంగులో బక్కగా ఉన్నవి వేరే జాతి కాదు, వాటి పిల్లలే.

ఒక చిట్కా. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. సూళ్ళూరుపేట నుంచి దీవివైపు వెళ్తుంటే మీ ఎడమచేతివైపు ఉత్తరం. అటు చూస్తే ఎండ మీ వీపు మీద, పక్షి మీద వెలుతురు. కుడివైపు చూస్తే నల్లటి నీడలు. ఫొటోలు తీసేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. అటకానితిప్ప దగ్గర ఆగొచ్చు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం ఆ రోడ్డు జోలికి పోకండి, ఒకవేళ మీరు రాకెట్ కోసమే వస్తే అది వేరే సంగతి. బోటు ఎక్కాలంటే తడ దగ్గర భీమునివారిపాలెం.

సూళ్ళూరుపేటలో ఏటా ఫ్లెమింగో పండగ చేస్తుంటారు, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. స్టాళ్ళు, పాటలు, జనం, అంతా సందడి. తిరునాళ్ళు ఇష్టమైతే ఆ రోజుల్లో వెళ్ళండి. పక్షులు ఇష్టమైతే ఆ తర్వాతి వారం వెళ్ళండి.

కోరంగి సంగతి వేరు. కాకినాడ, యానాం రోడ్డు మీద గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవులు. 1978లో అభయారణ్యమైంది, 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు పేరుమోసిన రేవు, 1839 తుఫానుతో తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడికి పక్షుల కోసమే వెళ్తే నిరాశపడతారని ముందే చెప్తున్నాను. ఆకులు దట్టంగా ఉంటాయి, లకుముకి పిట్ట మెరిసి మాయమవుతుంది, అంతే. బావురుపిల్లి, నీటికుక్క ఉన్నాయి, మనకి కనపడవు. కానీ చెక్క వంతెన మీద నడుస్తూ కిందకి చూడండి. నీళ్ళు తీసిన బురదలో పెన్సిళ్ళు గుచ్చినట్టు మడచెట్ల వేళ్ళు పైకి లేచి గాలి పీలుస్తుంటాయి. వాటి మధ్య చేపలు నడుస్తుంటాయి. నిజంగానే రెక్కల మీద ఆనుకుని, కళ్ళు పైకి పెట్టి, గెంతుతాయి. ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న ఎండ్రకాయ దాన్ని ఊపుతూ ఎవరినో పిలుస్తుంటుంది. ఇదంతా పోటులో కనపడదు, ఆటులోనే. బోటు తిరగాలంటే మాత్రం నీళ్ళుండాలి. కాబట్టి ఏది కావాలో తేల్చుకుని, ఆ రోజు ఆటుపోట్ల వేళ కనుక్కుని వెళ్ళండి. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పక్షులంటే బోరుకొట్టే భర్తో భార్యో ఇంట్లో ఉంటే, ఇద్దరికీ నచ్చే చోటు కోరంగి.

హైదరాబాద్‌వాళ్ళు అడుగుతారు, ఇవన్నీ మాకు దూరమే కదా అని. నిజమే. మీకు అమీన్‌పూర్ పెద్దచెరువు ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. చుట్టూ అపార్ట్‌మెంట్లే, అయినా చలికాలం పొద్దున్నే వెళ్తే బాతులు కనిపిస్తాయి. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యంలో మొసళ్ళు కూడా ఉన్నాయి. గూడబాతుల కాలనీ చూసిన అనుభవం అక్కడ రాదు, అంతే తేడా.

ఏం పట్టుకెళ్ళాలి

బైనాక్యులర్స్ కొనేటప్పుడు పది రెట్లు, పన్నెండు రెట్లు పెద్దగా చూపించేదని షాపువాడు ఊరిస్తాడు. వద్దు. ఎనిమిది బై నలభైరెండు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించి, ముందు అద్దం నలభైరెండు మిల్లీమీటర్లుండేది చాలు. ఎక్కువ పెద్దగా చూపిస్తే చెయ్యి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. పిట్ట పేరు తెలుసుకోడానికి ఫోన్‌లో మెర్లిన్ యాప్, వారం క్రితం అక్కడ ఎవరు ఏం చూశారో తెలుసుకోడానికి ఈబర్డ్. రెండోది చూడకుండా నేను ఇప్పుడు ఇల్లు కదలను. ఎర్రచొక్కా, సెంటు, బ్లూటూత్ స్పీకర్ ఇంటి దగ్గర వదిలేయండి. డ్రోన్ ఎగరేయొద్దు. ఆడవాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నాను, దగ్గర్లోని టౌన్‌లోనే బాత్రూమ్ పని చూసుకుని బయల్దేరండి. అక్కడ ఉంటుందిలే అనే ధీమా పెట్టుకోవద్దు.

ఒకచోట, పేరెందుకులెండి, మా బోటు నడిపేవాడు గూళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి తెడ్డుతో బోటు పక్కన దబదబా కొట్టాడు. పక్షులన్నీ లేచాయి, వెనక కూర్చున్నవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. గూట్లో పిల్లలు ఎండలో మిగిలాయి. కాకులు అప్పటికే చుట్టూ తిరుగుతున్నాయి. తల్లి తిరిగొచ్చేలోపు ఒక గుడ్డు పోయింది, నా కళ్ళముందే. అతన్ని తిట్టడం తేలికే, అలా లేపితే టిప్పు ఎక్కువిచ్చేది మనమే. బోటు ఎక్కగానే "లేపొద్దు బాబూ, దూరం నుంచే చూస్తాం" అని ఒక్క మాట చెప్పండి. వింటారు.

ఇక రెండు రోజులు ఖాళీగా ఉండి, కారు ఉండి, జనవరి ఆఖరో ఫిబ్రవరి మొదలో అయితే నేను చెప్పేది ఒకటే. నేలపట్టు, పులికాట్ కలిపి చూడండి. సూళ్ళూరుపేటలో రాత్రి బస. మొదటిరోజు మూడింటికి నేలపట్టు చేరి, గూడబాతులు పులికాట్ నుంచి మేత తెచ్చే వేళ గట్టు మీద ఉండండి. రెండోరోజు తెల్లారకముందే లేచి, కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడిలో దణ్ణం పెట్టుకోండి. ఆ గుడికి తలుపులు వేయరు, కాబట్టి ఎంత పొద్దున వెళ్ళినా ఇబ్బంది లేదు. ఆరున్నరకల్లా సరస్సు రోడ్డు మీద ఉండాలి. తొమ్మిది దాటాక ఎండమావి లేస్తుంది, ఫ్లెమింగోలు మళ్ళీ వణికే గీత అయిపోతాయి. అప్పుడు వెనక్కి తిరిగి టిఫినుకి సూళ్ళూరుపేట వచ్చేయండి.